పరవాలేదు అని రాసిన చోట

"గూడు ఖాళీగుంది నానమ్మా. ఖాళీగున్నదాంట్ల డబ్బా పెట్టిన. తప్పేముంది?"

"బిళ్ళ మొలకు లేనప్పుడు గూడు ఖాళీ ఎట్లయితది?"

"నా కండ్లతోటి సూసిన. అండ్ల డబ్బా లేదు."

"నువ్వు సూసింది గూడును. మొలను సూసినవా?"

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, నాచారంలో మా పిండి గిర్ని ముందర, నేనూ నా మనవరాలూ ఇలా వాదించుకుంటున్నాం. ఇద్దరి మధ్యా గట్టు మీద ఒక స్టీలు డబ్బా ఉంది. దాని అడుగున గుప్పెడు పిండి మిగిలింది. మిగతాదంతా ఉప్పల్ స్టేడియం దగ్గర బజ్జీల బండి మీద సెనగపిండిలో కలిసిపోయింది. అది ఒకావిడ తన భర్త షుగరు జబ్బు కోసం గోధుమలు, రాగులు, బార్లీ, మెంతులు కలిపి పట్టించుకున్న పిండి. మెంతులు కాస్త ఎక్కువే వేసిందావిడ. మ్యాచ్ చూడటానికి వచ్చినవాళ్ళు మొదటి వాయి బజ్జీలు కొరికి, చేదుకు మొహాలు ముడుచుకుని, బండి అతన్ని తిట్టారు. అతను మా దగ్గరికి వచ్చి మమ్మల్ని తిట్టాడు. అతను వెళ్ళాక తిట్టడానికి మేమిద్దరమే మిగిలాం.

గిర్ని పద్ధతి చెప్పకపోతే ఈ తగువు అర్థం కాదు. మా గోడకు ముప్పై గూళ్ళ చెక్క అలమర ఉంది. ప్రతి గూటికీ ఒక నంబరు. పక్క గోడకు ముప్పై మొలలు కొట్టి, ఒక్కో మొలకు అదే నంబరు వేసిన రేకు బిళ్ళ తగిలించాం. గింజల డబ్బా తెచ్చినవాళ్ళకు బిళ్ళ ఇస్తాం, డబ్బాను ఆ నంబరు గూట్లో పెడతాం. పిండి పట్టాక డబ్బా మళ్ళీ అదే గూట్లోకి వెళ్తుంది. ఎవరు బిళ్ళ తెచ్చినా మొహం చూడం. నంబరు చూసి డబ్బా ఇచ్చి, బిళ్ళ తీసుకుని మొలకు తగిలిస్తాం. బిళ్ళ మొలకు చేరితేనే గూడు ఖాళీ అయినట్టు. మూడో తరగతితో బడి మానేసిన నేను, ముప్పై ఏళ్ళుగా ఒక్క కాగితం ఖర్చు పెట్టకుండా ఈ బిళ్ళలతోనే గిర్ని నడిపాను.

అయితే పదిహేడో బిళ్ళ సంగతి వేరు. అది బజ్జీల బండి అతని జేబులోనే ఉంటుంది. వారానికి రెండుసార్లు వచ్చే మనిషి. ఇచ్చుడెందుకు, మళ్ళా తీసుకునుడెందుకు, నా తాననే ఉండనీ అమ్మా అన్నాడు ఒకరోజు. సరే అన్నాను. పదిహేడో మొల చుట్టూ సుద్దతో ఒక సున్నా చుట్టాను. ఇక్కడ బిళ్ళ లేకపోయినా పరవాలేదు, అడగక్కర్లేదు అని నాకు నేను పెట్టుకున్న గుర్తు అది. పన్నెండేళ్ళయింది. చెరిగినప్పుడల్లా మళ్ళీ చుడుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం నేను ఉప్పల్ మార్కెట్టుకు వెళ్ళాను. ఆడవాళ్ళకు బస్సు ఊరికే కాబట్టి, పప్పులు కాస్త తక్కువకు దొరికేచోటికి వెళ్ళడం నాకు అలవాటు. గిర్ని మనవరాలికి అప్పజెప్పాను. నేను లేనప్పుడు జనం పోగయ్యారు. బిళ్ళలన్నీ అయిపోయాయి. షుగరు పిండి ఆవిడ కొత్త మనిషి, డబ్బా పట్టుకుని నిలబడింది. మనవరాలు అలమర చూసింది. పదిహేడో గూడు ఖాళీగా కనిపించింది. ఒక చీటీ మీద పదిహేడు అని రాసి ఆవిడకిచ్చి, డబ్బాను ఆ గూట్లో పెట్టింది. పిండి పట్టి మళ్ళీ అక్కడే ఉంచింది. గంట తర్వాత బండి అతని బామ్మర్ది పదిహేడో బిళ్ళ చూపించాడు. వాళ్ళ పిండి శనివారం సాయంత్రమే వెళ్ళిపోయిందని అతనికి తెలియదు. గిర్ని మోతలో మాటలు వినపడవు. బిళ్ళ చూసింది, డబ్బా ఇచ్చింది. అలా చెయ్యమని నేర్పింది నేనే.

అదంతా ఒప్పుకోవడం ఇప్పుడు తేలిక. అప్పుడు మాత్రం నేను దాని చదువు మీదికి వెళ్ళాను. ఇంత పెద్ద చదువు చదివి మొలకు బిళ్ళ ఉందో లేదో చూడలేకపోయావా అన్నాను. అది నా సున్నా మీదికి వచ్చింది. అందరికీ ఒక పద్ధతి, ఆయనకు ఒక సుద్ద గీతా అంది. ఖాళీగా ఉన్న సామాను ఖాళీగా ఉంచకూడదని చిన్నప్పటినుంచీ చెప్పింది నువ్వే కదా అని కూడా అంది. అదీ నిజమే. మా ఇంట్లో మందు సీసా ఖాళీ అయితే అందులోకి వాము చేరుతుంది.

"పన్నెండేండ్ల సంది ఆ బిళ్ళ ఆయన తాననే ఉంది," అన్నాను. "ఒక్కనాడన్న తేడా వచ్చిందా?"

"రాలే. అప్పుడు ముప్పై గూళ్ళల్ల ఎన్ని నిండుతుండె?"

"పదో, పన్నెండో."

"ఇప్పుడు?"

రెండేళ్ళుగా చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. పొట్లాం పిండి మంచిది కాదని ఎవరు చెప్పారో గానీ, ఆదివారం వస్తే డబ్బాలు వీధి మలుపు దాకా వరస కడుతున్నాయి. అయితే ఆ ప్రశ్న అది నన్ను అడిగినట్టు లేదు. గోడకేసి చూస్తూ ఆగిపోయింది. చేతులు కడుక్కుని, లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది.

పని తప్పించుకుంటోందనుకుని, మోటారు ఆపి వెనకాలే వెళ్ళాను. అది తెర మీద ఒకచోట వేలు పెట్టి కూర్చుంది. ఏంది బిడ్డా అంటే, నేను గూడ సుద్ద సున్నా సుట్టిన నానమ్మా అంది.

నా మనవరాలు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది. లిఫ్టులను నడిపే బోర్డులు చేస్తారక్కడ. ఆ బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం ఇది రాస్తుంది. మా అబ్బాయీ కోడలూ ఘట్‌కేసర్‌లో ఉంటారు. ఆఫీసు నడక దూరమని ఇది నా దగ్గర ఉంటోంది. ఏం పని చేస్తావే అని నేను ఎన్నిసార్లు అడిగినా, లిఫ్టుకు తెలివి పెడతానని చెప్పి తప్పించుకునేది. ఆ రోజు మొదటిసారి కూర్చోబెట్టి చెప్పింది.

లిఫ్టు బోర్డులో జాగా చాలా తక్కువట. మన అలమర లాగే అందులోనూ కొన్ని గూళ్ళు. ఎవరైనా మీట నొక్కగానే ఒక గూడు తీసుకుని, ఏ అంతస్తుకు రమ్మన్నారు, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నవి అందులో పెడతారు. లిఫ్టు వచ్చి ఆగాక గూడు తిరిగి ఇచ్చేస్తారు. దాన్ని ఇంకొకరి పిలుపుకు వాడుకుంటారు. ప్రోగ్రాంలో ఒక భాగం ఇంకో భాగానికి డబ్బా మొత్తం ఇవ్వదు. గూటి నంబరు మాత్రం ఇస్తుంది, అంటే మన బిళ్ళ. దాన్ని పాయింటర్ అంటారట. గూడు తిరిగి ఇచ్చేశాక కూడా ఎవరి జేబులోనైనా పాత పాయింటర్ ఉండిపోయి, వాళ్ళు దాంతో మళ్ళీ గూట్లో చెయ్యి పెడితే, లోపల ఇంకొకరి సామాను ఉంటుంది.

డబ్బా మూత తీస్తే సెనగపిండి కాదని తెలుస్తుంది కదా అన్నాను. బండి అతనికి కూడా మొదటి వాయి బజ్జీలు వేశాక తెలిసింది, అయినా తెలిసింది. బోర్డుకు అది తెలియదు నానమ్మా అంది. అక్కడ అన్నీ అంకెలేనట. గూట్లో ఏ అంకె ఉంటే అదే తనదనుకుంటుందట.

మరి మీ దగ్గర మొలలు చూసేవాళ్ళు లేరా అని అడిగాను. ఉన్నారట, కానీ మనిషి కాదు, అదీ ఒక ప్రోగ్రామే. దాని పని తనిఖీ. బోర్డును నడపకుండానే, రాసిన ప్రతి పంక్తీ చదువుతుంది. ఈ దారిన వెళ్తే ఏమవుతుంది, ఆ దారిన వెళ్తే ఏమవుతుంది అని ఊహించి, ఇదిగో ఇక్కడ ఇచ్చేసిన గూట్లో మళ్ళీ చెయ్యి పెడుతున్నారు అని ఫిర్యాదు రాస్తుంది. ఆ ఆలోచన నాకు నచ్చింది. నేనూ సాయంత్రం గిర్ని ఆపాకే మొలలు చూసుకుంటాను. రాళ్ళు తిరుగుతుండగా చూస్తే ఏదీ కనపడదు.

కానీ ఆ తనిఖీకి అనుమానం ఎక్కువట. ఏమీ లేనిచోట కూడా ఫిర్యాదు రాస్తుందట. అందుకని ఆఫీసులో ఒక అలవాటు ఉంది. ఫిర్యాదు వచ్చినచోటు మనం స్వయంగా చూసి, తప్పు లేదనుకుంటే, దాని పైన ఒక పంక్తి రాయాలి. చూశాను, పరవాలేదు అని. కింద పేరు. అంతే, ఆ చోటు గురించి తనిఖీ మళ్ళీ నోరెత్తదు.

తెర మీద దాని వేలు ఉన్నది అలాంటి పంక్తి దగ్గరే. ఇంగ్లీషు అక్షరాల్లో నేను దాని పేరు ఒక్కటే గుర్తుపట్టాను.

రెండేళ్ళ కిందట రాసిందట. అప్పుడు ఆ బోర్డు గోదాములో సామాను లిఫ్టు కోసం. ఒక్క లిఫ్టు, ఒక్క మీటల పలక, ఒకసారికి ఒక్క పిలుపు. గూడు ఇచ్చేసినా, తలుపు మూసుకునేలోపు దాన్ని తీసుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు. కాబట్టి పాత బిళ్ళతో చెయ్యి పెట్టినా దొరికేది తన సామానే. చూసింది, ఆలోచించింది, పరవాలేదని రాసింది. రాసినరోజు అది అబద్ధం కాదు. తర్వాత అదే ప్రోగ్రాంను తెచ్చి అపార్టుమెంట్ల బోర్డులో పెట్టారు. రెండు లిఫ్టులు, అంతస్తు అంతస్తుకూ మీటలు. ఒకాయన దిగుతుండగానే పైన ఇంకొకాయన నొక్కుతాడు. ఆ పంక్తి మాత్రం అక్కడే ఉంది.

"మరి ఏమయితది?" అన్నాను.

"తలుపు ఎంతసేపు తెరిసుండాల్నో పాత గూట్ల సూస్తది. అండ్ల వేరేటోళ్ళ అంకె ఉంటది. మనిషి కాలు పెట్టంగనే మూసుకోవచ్చు." అడ్డం వస్తే ఆపే కన్ను వేరే ఉంటుందట. "కానీ ఆ కన్నును నమ్ముకోని తప్పును అట్లనే ఉంచం గద."

ఇక అసలు సంగతి. మర్నాడు పది గంటలకు ఆ బోర్డులు పీర్జాదిగూడలో ఒక కొత్త అపార్టుమెంటుకు వెళ్ళాలి. పెట్టెల్లో సర్ది ఉన్నాయి. అవి వెళ్తే నలుగురు పనిచేసే జట్టుకు దీన్ని పెద్దను చేస్తామని వాళ్ళ పెద్ద సారు మాటిచ్చాడు. మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది. కిందటేడు ఆ చోటు తన తర్వాత చేరినవాడికి పోయింది. ఈసారి తప్పదని వాళ్ళమ్మకు చెప్పుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు గానీ, మా వీధిలో అందరికీ తెలిసింది.

ఆ పంక్తి తీసేస్తే ఫిర్యాదు మళ్ళీ లేస్తుంది. ఒక్క ఫిర్యాదు మిగిలి ఉన్నా సరుకు బయటికి వెళ్ళకూడదని వాళ్ళ నియమం. తీయకపోతే ఎవరికీ తెలియదు.

సారుకు ఫోన్ చేసింది. చెడ్డవాడు కాదు, మంచిగానే మాట్లాడాడట. రెండేళ్ళుగా గోదాములో ఏ గొడవా రాలేదు కదా అన్నాడు. బిల్డరు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాడు, ఇప్పుడు ఆపితే ఇంకో కంపెనీకి పోతాడు, వచ్చే నెల కొత్తది పంపుదాం, అప్పుడు సరిచెయ్యి అన్నాడు. నువ్వు రాసిందే కదా, నువ్వు చెప్తే తప్ప ఎవరు చూస్తారు అని కూడా అన్నాడట.

ఫోన్ పెట్టేసి నన్ను అడిగింది, ఏం చెయ్యమంటావని. నేనేమన్నానో దాచను.

"పెద్ద సారు పంపమంటే పంపు. చేతికొచ్చేదాన్ని కాలితోటి తన్నుకుంటరా?"

"నువ్వయితే ఆ లిఫ్టు ఎక్కుతవా?"

"నేను ఏ లిఫ్టు ఎక్క. కాళ్ళుండంగ కరెంటు ఎందుకు."

నవ్వింది. అయినా ల్యాప్‌టాప్ మూయలేదు, ఏమీ నొక్కలేదు.

నాకు వేరే పని మిగిలి ఉంది. షుగరు పిండి ఆవిడకు సమాధానం చెప్పాలి. నేను రాకముందే చీటీ పట్టుకుని వచ్చి, డబ్బా తారుమారైందని విని, ఇల్లెక్కడో మనవరాలికి చెప్పి వెళ్ళిందట. నా ఇంటి గోధుమలు, రాగులు తీశాను. బార్లీ కొట్టు నుంచి తెచ్చాను. మెంతులు మాత్రం కొలిచి వేసేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది, ఏడాదికి దాచుకున్నవి అవి. మళ్ళీ మోటారు వేసి పట్టి, చల్లార్చి, అదే డబ్బా తోమి నింపి బయల్దేరాను. వెనక వీధిలో నాలుగో అంతస్తు. మెట్లెక్కుతూ ఏం చెప్పాలో సర్దుకున్నాను. బండి అతను పొరపాటున ఎత్తుకుపోయాడు అంటే సరిపోతుంది. అందులో అబద్ధం లేదు. బిళ్ళ అతని దగ్గర ఎందుకుందో ఆవిడకు అక్కర్లేదు.

తలుపు ఆవిడ భర్తే తీశాడు. ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషి, కోస్తావైపు మాట. లోపలికి రండి అని కుర్చీ వేశాడు. మీ దగ్గర డబ్బాలు తారుమారు కావని పక్కింటివాళ్ళు చెప్తేనే మా ఆవిడ అక్కడికి వచ్చిందండీ అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. అంతలో ఆవిడ వచ్చింది.

"ఎలా జరిగిందండీ ఇది?" అని అడిగింది.

సర్దుకున్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అడిగింది ఎవరు తీసుకెళ్ళారని కాదు, ఎలా జరిగిందని.

"ఆ నంబరు బిళ్ళ పాత మనిషి తాననే ఉంచిన నేను," అన్నాను. "ఏం గాదనుకున్న. అదే గూట్ల మీ డబ్బా వచ్చింది. తప్పు నాది."

ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. డబ్బా మూత తీసి వాసన చూసింది. నా జీవితంలో గిర్ని తప్పు నాదని ఎవరి ఇంట్లోనూ కూర్చుని చెప్పలేదు. తర్వాత పోనీలెండి అంది. ఇంకా ఎన్ని బిళ్ళలు అలా బయట ఉన్నాయని అడిగింది. అదొక్కటే అన్నాను. అని, మెట్లు దిగుతూ, అదొక్కటేనా అని వేళ్ళ మీద ముప్పై నంబర్లూ తలుచుకున్నాను. అదొక్కటే.

దీపాల వేళకు ఇల్లు చేరాను. మనవరాలు అదే కుర్చీలో ఉంది. లైటు కూడా వేసుకోలేదు, ఆ విషయంలో దాన్ని మెచ్చుకోవాలి. ఆవిడకు ఏం చెప్పానో చెప్పాను. అంతకుమించి నేను దానికి ఏ సలహా ఇవ్వలేదు. మధ్యాహ్నం ఇచ్చిన సలహా చాలు.

"ఏమన్నది?" అని అడిగింది.

"పోనీలెండి అన్నది. గని దానికి ముందు జరసేపు మాట్లాడలే. గప్పుడు మస్తు కష్టమయింది."

అది తెరకేసి తిరిగింది. ఆ పంక్తిని చెరిపేసింది. తనిఖీని మళ్ళీ చదవమంది. నేను కందిపప్పు ఏరుతూ కూర్చున్నాను. సగం చేట అయ్యేసరికి ఎర్రక్షరాలు వచ్చాయి, అదే చోట, రెండేళ్ళ కిందటి మాటే. ఆ తనిఖీకి కోపం లేదు, అలక లేదు. అడిగితే చెప్పింది.

అక్కడితో ఆగలేదు నా మనవరాలు. ప్రోగ్రాం మొత్తంలో పరవాలేదు అని రాసిన పంక్తులు ఎన్ని ఉన్నాయో వెతికింది. చెరిపేసినదానితో కలిపి నలభై ఒకటి. తొమ్మిది తనవి, మిగతావి వేరేవాళ్ళవి. కొందరు ఇప్పుడు ఆ కంపెనీలోనే లేరట. ఎప్పుడు చూశారో, ఏ బోర్డు కోసం చూశారో, ఎందుకు పరవాలేదో ఒక్కదాని కింద కూడా రాసి లేదు. ముందు తనవి తొమ్మిదీ ఒక్కొక్కటి చదివింది. మిగతా ఎనిమిదింటికీ ఇబ్బంది లేదని తేలింది. ఊరికే తేలలేదు, ప్రతిదాని కింద కారణం రాసుకుంటూ వచ్చింది. ఆ రాయడం చూసి, ఇప్పుడు కుదిరిందే అన్నాను. అన్నం తిందువు రా అంటే, పప్పులో ఉప్పు తక్కువైందని అంటూనే రెండుసార్లు వడ్డించుకుంది. సారుకు పొద్దున ఎదురుగా నిలబడి చెప్తాను, ఫోన్‌లో వద్దు అంది. నలుగురికి పెద్ద అయ్యే సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

మర్నాడు ఉదయం అది ఎనిమిదింటికే వెళ్ళింది. పదకొండుకు ఫోన్ చేసింది. బోర్డుల పెట్టెలు కదలలేదు. బిల్డరు ఫోన్‌లో అరిచాడు, తర్వాత పది రోజులు గడువిచ్చాడు. సారు కోపంగా ఉన్నాడు, ఆ పదవి ఇప్పట్లో లేదని మొహం మీదే చెప్పాడు. మిగిలిన ముప్పై రెండు పంక్తులూ చదవమని దీన్నే కూర్చోబెట్టాడు. అప్పటికి ఆరు చదివింది, అందులో ఒకటి తప్పుగా ఉంది. ఇదంతా చెప్పి, అన్నం డబ్బా గట్టు మీదే మర్చిపోయానంది. నేను గిర్ని అరగంట ఆపి, డబ్బా పట్టుకుని నడిచి వెళ్ళి గేటు దగ్గర ఇచ్చి వచ్చాను.